నడక నిచ్చిన వైద్యుడు: సర్ జాన్ చార్న్లీ

మానవదేహమందలి కీళ్లలో తుంటికీలు మిక్కిలి బరువు మోయునది. రుబ్బురోటిలో పొత్రము తిరుగునట్లు, కటియెముక యందలి గుంటలో తొడయెముక యొక్క గుండ్రని తల తిరుగుచుండును. మడక పట్టి సాలు దున్ను రైతునకును, గుంటమగ్గమున కాళ్లు దింపి బట్ట నేయు ఎమ్మిగనూరు నేతగానికిని, ఆదవానిలో ప్రత్తిబోరెము లెత్తు కూలివానికిని, విజయదశమినాడు మద్దికెర దారిలో గుఱ్ఱము నెక్కి పందెమునకు సాగు యువకునకును ఈ కీలు సరిగా నున్నంతకాలము అది యున్నదన్న తలంపే కలుగదు. అది అరిగి చెడిననాడు మాత్రము మనుష్యుని బ్రతుకు మంచమునకును గడపకును నడుమ కుదించుకొనిపోవును. రాత్రులు నిదుర పట్టదు. చెప్పులు తొడుగుకొనుటకును పరుల సాయము కావలసివచ్చును.

ఇరువదవ శతాబ్దపు నడిమికాలము వఱకును ఇట్టి రోగికి వైద్యులు చేయగలిగినది స్వల్పము. కీలును కదలకుండ అతికించివేయుట యొక మార్గముగా నుండెను. దానివలన నొప్పి తగ్గును గాని కాలు కొయ్యవలె బిగిసిపోవును. నేడు ప్రపంచమున ఏటేట లక్షలాది జనులు కృత్రిమమైన తుంటితో లేచి నడచుచున్నారు. ఇందులకు ముఖ్యకారకుడు ఆంగ్లదేశీయుడగు సర్ జాన్ చార్న్లీ. ఆయన చరిత్రలో విజయమునకు ముందు గొప్ప అపజయ మొకటి యున్నది. ఆయన చేతిమీదుగా జరిగిన సుమారు 300 శస్త్రచికిత్సలు కొలది యేండ్లలో చెడిపోయెను. ఆ రోగులను విడువక, వారి కీళ్లను మఱల విప్పి సరిచేసి, ఆ తప్పునుండియే సరియైన మార్గమును కనుగొనిన వాడగుట చేతనే ఆయన చరిత్ర వైద్యులకే గాక సామాన్యజనులకును చదువదగినదై యున్నది.

బాల్యము, విద్య

జాన్ చార్న్లీ 1911వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన లాంకషైర్ మండలమందలి బరీ పట్టణమున జన్మించెను. ఆ కాలమున లాంకషైర్ నూలుమిల్లులకును మగ్గములకును లోకమంతట పేరుగాంచిన సీమ. ఆ మిల్లుల పరిజ్ఞానము తరువాతి కాలమున రెండు పర్యాయములు చార్న్లీకి అక్కఱకు వచ్చినది. తండ్రి ఆర్థర్ బరీలో మందుల దుకాణము నడుపుచుండెను. తల్లి లిల్లీ నర్సువృత్తి నేర్చినది. కుమారునకు వైద్యవిద్యపై మనసు పోవుటకు ఇంటి వాతావరణమే చాలియుండెను.

బరీ గ్రామర్ స్కూలులో చదువు ముగించి, 1929లో ఆయన మాంచెస్టర్ విశ్వవిద్యాలయమున వైద్యశాస్త్రములో చేరెను. 1935లో వైద్యపట్టము పొంది, మఱుసటి యేడే, ఇరువదియైదేండ్ల ప్రాయమునందే, రాయల్ కాలేజీ ఆఫ్ సర్జన్స్ సభ్యత్వమునకు అర్హుడయ్యెను. అంతటి పిన్నవయసున ఆ పరీక్ష నెగ్గుట అరుదు. అయినను పుస్తకజ్ఞానముతో ఆయన తృప్తిపడలేదు. ఏ పరికరమైనను ఎట్లు పనిచేయుచున్నదో విప్పి చూడవలెనన్న కుతూహలము ఆయనకు చిన్ననాటినుండియు మెండు.

యుద్ధరంగమున

1939లో రెండవ ప్రపంచయుద్ధ మారంభమయ్యెను. 1940 మే నెలలో చార్న్లీ స్వచ్ఛందముగ సైనికవైద్యదళమున చేరి, కొలదిదినములకే డన్‌కర్క్ తీరమునుండి సేనలను తరలించు కార్యమున పాల్గొనెను. తరువాత ఈజిప్టుదేశమునకు పంపబడి, కైరో నగరమున విరిగిన యెముకల చికిత్సలో నిమగ్నుడయ్యెను.

అచ్చట గాయపడిన సైనికులు వేలకొలదిగా నుండిరి. వారికి కావలసిన బద్దలు, ఊతకఱ్ఱలు, కాలికి తొడుగు ఇనుపచట్రములు చాలినన్ని లేకుండెను. చార్న్లీ సైనిక ఇంజనీర్ల సాయముతో కార్మికశాలలో వానిని తయారు చేయించెను. రోగి కాలిపొడుగును బట్టి సరిచేసుకొనదగిన నడకచట్రమును రూపొందించెను. వైద్యుడు యంత్రకారునితో ప్రక్కప్రక్కన కూర్చుండి పనిచేసిననాడే రోగికి నిజమైన మేలు కలుగునన్న విశ్వాసము ఆయనకు ఇచ్చటనే దృఢపడినది.

తానే రోగియగుట

1946లో సైన్యమునుండి విడుదలయై, ఆయన కొంతకాలము ఆస్వెస్ట్రీ పట్టణమందలి ఎముకల ఆసుపత్రిలో పనిచేసెను. ఒకచోటి యెముకముక్కను వేఱొకచోట అతికినపుడు అది ఎట్లు జీవించునన్న విషయము అప్పటికి వివాదాస్పదముగా నుండెను. దానిని నిర్ణయించుటకు చార్న్లీ తన సహోద్యోగి నొకనిని ఒప్పించి, తన మోకాలిక్రింది యెముకనుండియే ముక్కను కోయించుకొని మఱల అతికించుకొనెను. ఆ గాయము చీము పట్టెను. మఱియొక శస్త్రచికిత్స చేయించుకొనవలసి వచ్చెను.

ఈ సాహసమును అవివేకమనువారు కలరు. అయినను రోగి మంచముమీద పరుండి, మానని గాయమును చూచుకొనుచు, తిరిగి నడచుదునో లేదో యని దినములు లెక్కించుట యెట్టిదో తెలిసిన శస్త్రవైద్యులు తక్కువ. చార్న్లీ ఆ కొద్దిమందిలో నొకడయ్యెను. ఎముకలోనికి ప్రవేశించిన చీము ఎంత మొండిదో ఆయన తన కాలితోనే నేర్చుకొనెను. తరువాతి కాలమున ఆపరేషను గదియందలి పరిశుభ్రతకొఱకు ఆయన చూపిన పట్టుదలకు ఈ అనుభవమును తోడ్పడియుండవచ్చును.

కిఱ్ఱుమను తుంటి

1947లో ఆయన మాంచెస్టర్ రాయల్ ఇన్‌ఫర్మరీలో వైద్యుడుగా నియమింపబడెను. ఎముకల వైద్యమున నాటికి అగ్రగణ్యుడగు సర్ హారీ ప్లాట్ ఆయనకు గురుతుల్యుడు. విరిగిన యెముకలను కోయకయే సరిచేయు విధానముపై చార్న్లీ 1950లో వ్రాసిన గ్రంథము దేశదేశముల వైద్యవిద్యార్థులకు పాఠ్యగ్రంథమయ్యెను. చెడిన మోకాళ్లను బిగించి అతికించు పద్ధతిలోను ఆయన ప్రసిద్ధి పొందెను. కీళ్లను అతికించుటలో పేరు పొందినవాడే తరువాత కీళ్లను కదలించుటకు జీవితము నర్పించెను.

కృత్రిమమైన తుంటిని అమర్చు యత్నములు అంతకుముందే జరిగియుండెను. 1891లో బెర్లిన్ నగరమున గ్లుక్ అను వైద్యుడు దంతముతో చేసిన కీళ్లను గూర్చి ప్రకటించెను. 1938లో లండనులో ఫిలిప్ వైల్స్ ఉక్కుతో రెండుభాగములను చేసి అమర్చెను. 1946లో పారిస్ నగరమున జూడే సోదరులు అక్రిలిక్ అను గట్టి ప్లాస్టిక్కుతో తొడయెముక తలను చేసిరి. అవి కొంతకాలము పనిచేసి, పిదప వదులగుటయో విఱుగుటయో జరుగుచుండెను.

అట్టి అక్రిలిక్ తల అమర్చబడిన రోగి యొకడు చార్న్లీయొద్దకు వచ్చెను. ఆతడు కదలినప్పుడెల్ల తుంటి కిఱ్ఱుమని చప్పుడు చేయుచుండెను. భోజనపు బల్లవద్ద ఆతడు ముందునకు వంగినపుడు ఆ చప్పుడు భరింపలేక భార్య గదిని విడిచిపోవుచుండెనట. వినువారికి నవ్వు పుట్టించు ఈ సంగతిని చార్న్లీ నవ్వి విడువలేదు. ఇరుసునకు కందెన లేని బండి కిఱ్ఱుమనును. అట్లే ఈ కీలులోను రాపిడి యధికముగ నున్నదని ఆయన గ్రహించెను. దేవుడిచ్చిన కీలు డెబ్బదియేండ్లు చప్పుడు లేక తిరుగుచున్నది. అందలి రహస్యమేమి యన్న ప్రశ్న ఆయనను పట్టుకొనెను.

రైటింగ్టన్ ఆసుపత్రి

ప్రయోగములు చేసి చూడగా, ఆరోగ్యవంతమైన కీలులోని రాపిడి మంచుగడ్డపై జాఱు ఉక్కులోని రాపిడికంటెను తక్కువని తేలెను. ఎముకల చివరనున్న మెత్తని పూతయే ఆ నునుపునకు ముఖ్యకారణమని ఆయన నిశ్చయించెను. ఆ పూత పోయినచోట కీలులోని సహజమైన జిగురునీరు కృత్రిమపదార్థములకు కందెనగా పనిచేయజాలదు. కావున తనంతట తానే జాఱు స్వభావముగల పదార్థమును వెదుకవలెను.

ఈ పనికై ఆయన పెద్దనగరపు ఆసుపత్రిని విడిచి, విగన్ పట్టణమునకు సమీపముననున్న రైటింగ్టన్ ఆసుపత్రిని ఎన్నుకొనెను. అది పూర్వము క్షయరోగుల ఆసుపత్రి. క్రొత్త మందులవలన క్షయ తగ్గుటతో అచ్చట పడకలు ఖాళీ యగుచుండెను. 1960వ దశకపు ఆరంభమున అచ్చట తుంటిచికిత్సకే ప్రత్యేకించిన కేంద్రమును ఆయన నెలకొల్పెను. దానికి చేరువనే చిన్న కార్మికశాల యుండెను. అందు హారీ క్రేవెన్ అను నిపుణుడు లేతుమిషనుపై భాగములను మలచుచు, వాని అరుగుదలను కొలుచు యంత్రములను నిర్మించుచుండెను.

చార్న్లీ పద్ధతికి మూడు మూలసూత్రములు. మొదటిది, ఉక్కుతల చిన్నదిగను, దానిని చుట్టియున్న గిన్నె దళసరిగను ఉండుట. సన్నని ఇరుసుపై చక్రము సులువుగ తిరుగును గదా. ఆయన నిర్ణయించిన తల వ్యాసము 22.225 మిల్లీమీటర్లు, అనగా అంగుళములో ఎనిమిదింట ఏడవ వంతులు. రెండవది, భాగములను ఎముకలో స్థిరపఱచుటకు దంతవైద్యులు వాడు అక్రిలిక్ సిమెంటును ఉపయోగించుట. దీనిని ఆయనకు సూచించినవాడు మాంచెస్టరులోని దంతపదార్థ శాస్త్రజ్ఞుడు డెన్నిస్ స్మిత్. ఆ సిమెంటు జిగురువలె అంటుకొనునది గాదు. రాతిగోడ సందులలో గచ్చు నిండి రాళ్లను కదలనీయనట్లు, అది ఎముకయందలి సందులన్నిట నిండి బరువును సమముగ పంచును. మూడవది, గిన్నెను జాఱుస్వభావముగల పదార్థముతో చేయుట. అందులకు ఆయన టెఫ్లాన్ అను తెల్లని పదార్థమును ఎన్నుకొనెను.

అపజయము

1958 మొదలుకొని టెఫ్లాన్ గిన్నెలను అమర్చసాగెను. ఫలితము చూచినవారికి అది అద్భుతముగ తోచెను. ఏండ్ల తరబడి నొప్పితో నిదురలేనివారు ఆపరేషను జరిగిన రాత్రియే ఆ పాతనొప్పి పోయినదని చెప్పుచుండిరి. ఊతకఱ్ఱలపై వచ్చినవారు వానిని విడిచి పోవుచుండిరి. 1961లో లాన్సెట్ పత్రికయందు చార్న్లీ ఈ క్రొత్త శస్త్రచికిత్సను వివరించి ప్రకటించెను.

సంతోషము ఎంతోకాలము నిలువలేదు. మూడునాలుగేండ్లలోపలనే టెఫ్లాన్ గిన్నెలు అరిగిపోజొచ్చెను. అరుగుదలకంటెను, అరిగి రాలిన పొడి చేసిన చెఱుపు ఎక్కువ. దేహము ఆ పొడిని పరాయివస్తువుగ నెంచి పోరాడగా, కీలుచుట్టు జున్నువంటి ముద్దలు పెరిగి, ఎముకను తొలిచి, భాగములను వదులుచేసెను. పోయిన నొప్పి తిరిగివచ్చెను. విడిచిన ఊతకఱ్ఱలు మఱల చేతికి వచ్చెను.

సుమారు 300 మంది ఇట్టి స్థితిలో నుండిరి. వారు వైద్యుని నమ్మి వచ్చినవారు. చార్న్లీ ఆ సమయమున వేఱు దారులు త్రొక్కియుండవచ్చును. పదార్థమును చేసినవారిపై నెపము పెట్టవచ్చును, రోగులను ఇతర వైద్యులకు అప్పగింపవచ్చును, విషయమును మఱుగుపఱచి ఊరకుండవచ్చును. ఆయన మిక్కిలి క్రుంగిపోయినను ఇందేదియు చేయలేదు. చెడిన తుంటులను తానే మఱల విప్పి, గిన్నెలను తీసివేసి, పొడిచే పాడైన భాగమును గోకి శుభ్రపఱచి, సరిచేయు పనికి పూనుకొనెను.

ఇట్లు ఒకసారి అమర్చిన కీలును తీసి తిరిగి అమర్చుటకే నేటి వైద్యులు రివిజన్ శస్త్రచికిత్స యని పేరిడిరి. ఇది మొదటిదానికంటె కష్టతరము. పాతసిమెంటును ఎముక పగులకుండ తీయవలెను. అప్పటికే సన్నబడిన యెముకలో క్రొత్తభాగము నిలుచునట్లు చూడవలెను. మాయిన మచ్చల నడుమ నరములను కాపాడవలెను. రోగి సంగతియు అట్లే. మొదటిసారి ఆశతో వచ్చినవాడు రెండవసారి భయముతో వచ్చును. వాని బలమును తగ్గియుండును, ధైర్యమును తగ్గియుండును. కావున మొదటిసారికంటె రెండవసారి నడక నేర్పుటకు ఓర్పు ఎక్కువ కావలెను. రైటింగ్టనులో చార్న్లీకిని ఆయన సహాయకులకును ఈ పాఠము వందలకొలది రోగులవద్ద లభించెను.

మగ్గపు చక్రము తెచ్చిన మేలు

1962 మే నెలలో ఒక వ్యాపారి ప్లాస్టిక్కు పండ్లచక్రములను అమ్మజూపుచు రైటింగ్టనుకు వచ్చెను. అవి జర్మనీలో తయారైన పాలీఇథిలీన్ అను పదార్థముతో చేసినవి. లాంకషైర్ మిల్లులలోని మరమగ్గములలో వానిని వాడుచుండిరి. క్రేవెన్ ఆ ముక్క నొకదానిని చార్న్లీకి చూపగా, ఆయన గోటితో గీచి చూచి, ఇది పనికిరాదని తలచి వెడలిపోయెను.

క్రేవెన్ మాత్రము దానిని పాఱవేయలేదు. చార్న్లీ విదేశమునకు వెళ్లియుండగా ఆ ముక్కను అరుగుదల కొలుచు యంత్రమున నుంచి రేయింబవళ్లు తిప్పుచుండెను. మూడువారములు గడచినను అది అరిగినది స్వల్పమే. టెఫ్లాన్ ఒక్కదినమున అరుగునంతకూడ అరుగలేదు. తిరిగివచ్చిన చార్న్లీ దానిని చూచి తన తొలి అభిప్రాయమును వెంటనే మార్చుకొనెను. యజమాని త్రోసిపుచ్చినదానిని పరీక్షించి చూచిన పనివాని బుద్ధియు, పనివాని మాటను మన్నించిన యజమాని బుద్ధియు రెండును కొనియాడదగినవే. ఈ రెండును కలియుటచే లోకమునకు మేలు కలిగెను.

ఈసారి చార్న్లీ తొందరపడలేదు. టెఫ్లాన్ పొడిని, ఈ క్రొత్త పదార్థపు పొడిని తన తొడకండలోనే వేఱువేఱుచోట్ల ప్రవేశపెట్టుకొనెను. నెలలు గడువగా టెఫ్లాన్ ఉన్నచోట గడ్డలు చేతికి తగులుచుండెను. రెండవది యున్నచోట అట్టి గడ్డలు కానరాలేదు. ఈ ఫలితమును 1963లో ఆయన ప్రకటించెను. 1962 నవంబరు నుండి రోగులకు పాలీఇథిలీన్ గిన్నెల నమర్చసాగెను. కాని ఫలితములు ఏండ్ల తరబడి నిలుచునో లేదో తెలియువఱకు ఆ పరికరములను అందఱికి అమ్మనీయలేదు. రైటింగ్టనుకు వచ్చి పద్ధతిని కన్నులార చూచి నేర్చినవారికే వానిని ఇచ్చునట్లు పెక్కేండ్లు నియమము పెట్టెను. ఒకసారి తొందరపడి ప్రకటించినదాని ఫలము 300 మంది రోగులు అనుభవించిరని ఆయన మఱువలేదు.

గాలిలోని శత్రువు

అరుగుదల సమస్య తీరినను చీము సమస్య మిగిలెను. తొలిదినములలో నూటికి 7కు మించిన రోగులకు కీలు చీముపట్టుచుండెను. కృత్రిమభాగముపై నిలిచిన సూక్ష్మజీవులను మందులు సులువుగ చేరజాలవు. అట్టివారికి కీలునే తీసివేయవలసివచ్చును.

ఆపరేషను గదిలోని గాలియే ఇందుకు ముఖ్యకారణమని చార్న్లీ అనుమానించెను. నూలుమిల్లులలో దూది ధూళిని తొలగించు గాలియంత్రములను నిర్మించు వంశమునకు చెందిన హ్యూ హోవర్త్ ఆయనకు తోడ్పడెను. వడగట్టిన గాలి పైనుండి క్రిందికి నిరంతరము వీచునట్లు ఒక చిన్నగది నిర్మింపబడెను. వైద్యులు విడుచు ఊపిరియు లోపల కలియకుండ గొట్టములద్వారా బయటికి పోవునట్లు ప్రత్యేక దుస్తులు కుట్టబడెను. ఈ జాగ్రత్తలన్నిటి ఫలముగ సుమారు పదేండ్లలో చీముపట్టు రోగుల సంఖ్య నూటికి ఒకరికంటె తగ్గెను. మగ్గపు చక్రము, మిల్లు గాలియంత్రము రెండును తుంటిరోగికి మేలు చేయుట వింతయైన విషయము.

చికిత్స తరువాతి జీవితము

శస్త్రచికిత్స ముగియుటతో వైద్యుని పని ముగియునని చార్న్లీ తలచలేదు. ఆయన పద్ధతిలో తొడయెముక పైభాగపు ముక్కను కోసి, కీలు నమర్చిన పిదప తీగెలతో బిగించవలసి యుండెను. అది అతుకువఱకు రోగి కొన్నివారములు మంచముపట్టి యుండును. కాళ్లు దగ్గఱకు చేరి కీలు జాఱకుండ రెండుకాళ్ల నడుమ ముక్కోణపు దిండును కట్టుచుండిరి. అట్టి దిండు నేటికిని ఆయన పేరనే పిలువబడుచున్నది.

నేడు పద్ధతులు మాఱినవి. ఆపరేషను జరిగిన దినముననో మఱునాడో రోగిని లేపి నిలబెట్టుదురు. ఎక్కువకాలము పరుండినచో కాలిసిరలలో రక్తము గడ్డకట్టు ప్రమాదము కలదు. పాదములను పైకిని క్రిందికిని ఆడించుట, తొడకండను బిగించి విడుచుట, కాలిని ప్రక్కకు జరుపుట మొదటి వ్యాయామములు. పిదప నడకచట్రముతోను, తరువాత చేతికఱ్ఱతోను నడక నేర్పుదురు.

చేతికఱ్ఱను నొప్పియున్న ప్రక్కన గాక రెండవప్రక్క చేతిలో పట్టవలెను. ఒంటికాలిపై నిలిచినపుడు తుంటిపై దేహభారమునకు రెండున్నర మూడురెట్లు భారము పడును. 60 కిలోల మనుష్యుని తుంటి 150 కిలోలకు మించి మోయునన్నమాట. అవతలిచేతి కఱ్ఱ ఆ భారమును చాలవఱకు తగ్గించును. మెట్లెక్కునపుడు మంచికాలు ముందు, దిగునపుడు చికిత్సయైన కాలు ముందు పెట్టవలెను. తొలి ఆరువారములనుండి మూడునెలల వఱకు తుంటిని లంబకోణముకంటె ఎక్కువగ వంచుట, కాలిమీద కాలు వేయుట వైద్యులు సాధారణముగ వారింతురు.

నేలపై కూర్చుండి భుజించుటయు, గొంతుకూర్చుండుటయు అలవాటైన పల్లెజనులకు ఈ నియమములు కఠినముగ తోచును. ఎత్తైన పీట, గట్టి కుర్చీ, ఎత్తు పెంచిన మరుగుదొడ్డి ఆసనము, ప్రక్కగోడకు పట్టుకొనుటకు కడ్డీ ఇంటిలో ముందే సిద్ధపఱచినచో సగము కష్టము తీరును. భారతదేశమున తుంటి మార్పిడి చేయించుకొనువారిలో వయసు చెల్లనివారు పెక్కుమంది. ఎముకతలకు రక్తమందక అది కూలిపోవుట అందుకొక ముఖ్యకారణము. వారు ఏండ్ల తరబడి శ్రమింపవలసినవారు గనుక క్రొత్తకీలును ఒడుపుగ వాడుకొనుట వారికి మఱింత అవసరము. వయసులోనివారి కీలు త్వరగా అరుగునన్న భయముచేతనే చార్న్లీ వృద్ధులకే ముఖ్యముగ ఈ చికిత్సను ఉద్దేశించెను.

రెండవసారి కీలు మార్పించుకొనినవారికి కోలుకొనుట ఇంకను మెల్లగ జరుగును. ఎముకను కోయవలసి వచ్చినచో, లేక ఎముకముక్కలతో లోటు పూడ్చవలసి వచ్చినచో, ఆరునుండి పండ్రెండువారముల వఱకు ఆ కాలిపై పూర్తిభారము మోపనీయరు. చీముపట్టిన కీలును పలుమారు రెండు విడతలుగా మార్తురు. మొదట దానిని తీసి మందు కలిపిన సిమెంటు నుంచి, చీము పోయినదని రూఢియైన పిదపనే క్రొత్తదానిని అమర్తురు. ఆ నడిమివారములు రోగికిని ఇంటివారికిని పెద్దపరీక్ష. అపుడు రోగి మందగతిని సోమరితనముగ నెంచక, దినమునకు పది అడుగులు పెరిగినను దానిని మెచ్చుకొను బంధువు సగము వైద్యుడు.

బాగుగ నడచుచున్నవారును నిశ్చింతగ నుండరాదు. గజ్జలలోనో తొడలోనో క్రొత్తనొప్పి, కాలు పొట్టియగుట, గాయమునుండి రసి కాఱుట, కారణములేని జ్వరము, పిక్క వాచుట కనిపించినచో ఆలసింపక వైద్యుని చూడవలెను. నొప్పి లేకున్నను నిర్ణీతకాలమున ఎక్స్‌రే తీయించుకొనవలెను. గిన్నె అరుగుట, ఎముక సన్నబడుట నొప్పికంటె ముందే ఎక్స్‌రేలో కనిపించుట కలదు. ఈ అలవాటును చార్న్లీ తన రోగులకు నేర్పెను. నడచిపోయినవారిని ఏండ్ల తరబడి తిరిగి పిలిపించి పరీక్షించుచుండెను. తమ మరణానంతరము ఆ కీలును తీసి పరీక్షించుటకు అనుమతి నిమ్మని వారిని కోరెను. పెక్కుమంది సంతోషముతో అంగీకరించిరి. తమకు నడక నిచ్చిన వైద్యునకు వారిచ్చిన ప్రతిదానమది. ఆ కీళ్లను చూచియే అరుగుదల ఏడాదికి ఎంతయో, సిమెంటు ఎట్లు నిలుచునో లోకమునకు తెలిసెను.

గౌరవములు, స్వభావము

1970వ దశకమునాటికి రైటింగ్టన్ దేశవిదేశముల వైద్యులకు యాత్రాస్థలమయ్యెను. 1974లో అమెరికాదేశపు లాస్కర్ బహుమానమును, 1975లో రాయల్ సొసైటీ సభ్యత్వమును ఆయన పొందెను. శస్త్రవైద్యునకు రాయల్ సొసైటీ సభ్యత్వము లభించుట మిక్కిలి అరుదు. 1977లో సర్ బిరుదము లభించెను. 1979లో తన పద్ధతిని సమగ్రముగ వివరించు గ్రంథమును ప్రకటించెను.

ఆయన సౌమ్యుడని చెప్పుటకు వీలులేదు. పనిలో అలసత్వము కనిపించినచో మండిపడుచుండెను. కాని ఆ కోపము తనపనిమీదను అంతే తీవ్రముగ పనిచేయుచుండెను. 1957లో ఆయన జిల్ హీవర్‌ను వివాహమాడెను. వారికి ఒక కుమారుడు, ఒక కుమార్తె. 1982 ఆగస్టు 5వ తేదీన హృద్రోగముచే చార్న్లీ మాంచెస్టరున కన్నుమూసెను. అప్పటికి ఆయనకు డెబ్బదియొక్క యేడు నిండవచ్చుచుండెను.

ఆయన గతించిన పిదప పదార్థములు మెఱుగుపడినవి, గాయములు చిన్నవైనవి, సిమెంటు లేని కీళ్లును వచ్చినవి. అయినను గిన్నెకు పాలీఇథిలీన్ జాతి పదార్థమే నేటికిని అధికముగ వాడుకలో నున్నది. 2019లో పలుదేశముల లెక్కలను కూర్చి చూడగా, తుంటి మార్పిడులలో నూటికి 58 వంతులు 25 ఏండ్లకును నిలిచియున్నట్లు తేలెను. మూడేండ్లకే చెడిపోయిన టెఫ్లాన్ గిన్నెలతో పోల్చినచో ఇది ఎంతటి దూరమో తెలియగలదు. మిగిలిన 42 వంతులవారికొఱకు రివిజన్ చికిత్స యున్నది, దానికి వెనుక రైటింగ్టనులో నేర్చిన పాఠములున్నవి.

చార్న్లీ జీవితమును చదువువారు ఆయన తెలివిని మెచ్చుకొందురు. దానికంటె మెచ్చదగినది ఆయన నిలుకడ. తన చేతిపని చెడినపుడు దాని నొప్పుకొని, చెడినదానిని తానే సరిచేయుట ఏ వృత్తియందైనను కష్టమే. వడ్రంగికిని, నేతగానికిని, ఉపాధ్యాయునకును, గ్రామపెద్దకును ఇట్టి సమయము ఒకనాటికి రాకపోదు. తుంటి మార్చుకొని గోడపట్టుకొని మొదటి అడుగు వేయు రోగికిని ఇదియే మాట వర్తించును. మొదటియత్నము తప్పినను మఱల లేచి నిలుచుట సాధ్యమని నమ్మి, నియమము తప్పక, ఒక్కొక్క అడుగే వేయవలెను. అట్లు నడచినవారే రైటింగ్టన్ వసారాలలో చార్న్లీకి తన పనిపై తిరిగి నమ్మకము కలిగించిరి.